నీలి చుక్క

శ్రీ విశ్వంభర దంత వైద్య కళాశాలలో పీజీ చేసేవాళ్ళకి నిద్రలో కూడా వినిపించే మాట ఒక్కటే, పబ్లికేషన్. పేరున్న పత్రికలో ఒక్క పరిశోధన పత్రమైనా పడాలి. పడకపోతే హాల్ టికెట్ రాదు. హాల్ టికెట్ రాకపోతే మూడేళ్ళుగా చూసిన నోళ్ళు, కట్టిన పళ్ళు అన్నీ గాలికి పోయినట్టే. రోగికి నొప్పి తగ్గిందా అని ఆ కాలేజీలో ఎవరైనా అడిగేవాళ్ళో లేదో చెప్పలేను గాని, "పేపరెంతవరకొచ్చిందండీ" అని క్యాంటీన్‌లో టీ పోసే ఆయన కూడా అడిగేవాడు.

డాక్టర్ హిమజ కట్టుడు పళ్ళ విభాగంలో చదివేది. ఆమెకి చెయ్యి మంచిదని పేరు. ఆమె సరిచేసిన పన్ను నాలుకకి తగిలితే సొంత పన్నులాగే ఉండేది. ఆ పనితనం నేర్పింది విభాగాధిపతి డాక్టర్ వామనరావుగారు. ఆయన అరిచే మనిషి కాదు. కోపమొస్తే చేతులు కడుక్కుని వెళ్ళిపోయేవారు, ఆ వెళ్ళిపోవడానికే పిల్లలు హడలిపోయేవాళ్ళు. ఆయన విభాగంలో ఒక కట్టుబాటు ఉండేది. నోట్లో కొత్తగా చేరిన పన్ను వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నా కొరికినప్పుడల్లా దెబ్బ దాని మీదే పడుతుంది, దవడ లాగుతుంది, తలనొప్పి పట్టుకుంటుంది. అందుకని రోగి పళ్ళ మధ్య నీలం కాగితం పెట్టి టకటకా కొరకమంటారు. ఎత్తున్న చోట నీలి చుక్క పడుతుంది. ఆ చుక్కని అరగదీయాలి. చుక్క పోయేదాకా రోగి కుర్చీ దిగకూడదు. వామనరావుగారి శిష్యులకి ఇది ఆలోచించి చేసే పని కాదు, చుక్క కనపడితే చెయ్యి తనంతట తానే మిషను అందుకునేది.

ఆ విభాగానికే కట్టుడు పళ్ళ అవసరం లేకుండా చేసే పరిశోధన వచ్చింది. పాల పళ్ళు, అసలు పళ్ళు కాక మనిషి దవడలో మూడో వరసకి మొలకలు కూడా ఉంటాయి. పుట్టకముందే ఒక ప్రొటీన్ వాటిని నిద్రపుచ్చుతుంది. ఆ ప్రొటీన్‌ని అడ్డుకునే జెల్ ఒకటి ఒక కంపెనీ తయారుచేసి, 'అంకురం' అని పేరు పెట్టి, మనుషుల మీద చూడమని వామనరావుగారికి అప్పజెప్పింది. ఆయన దాన్ని హిమజకీ, ఆమె బ్యాచ్‌మేటు ప్రభుదాసుకీ థీసిస్‌గా ఇచ్చారు. ముప్ఫై మంది కావాలి. జెల్ పెట్టించుకుంటామని పేరిచ్చిన వాళ్ళలో ఒకాయన మస్కట్ పోయాడు, ఒకావిడ సూదిని చూసి చెప్పులు కూడా మరిచిపోయి పారిపోయింది.

"శాంపిల్ తగ్గితే పేపరు తగ్గినట్టే. ఇళ్ళల్లో ఎవరూ లేరా?" అన్నారు వామనరావుగారు.

అది కొత్త మాటేమీ కాదు. శాంపిల్ తక్కువైతే చుట్టాలు ఉండనే ఉన్నారు. ఆ కాలేజీలో పరిశోధనలు సగం పెళ్ళి పిలుపుల్లాగే నడిచేవి. ప్రభుదాసు నర్సాపురం నుంచి మేనత్తని పిలిపించాడు. హిమజకి మాత్రం మనసొప్పలేదు. ఇంట్లో పళ్ళు లేని మనిషి ఉన్నాడు, ఆయన తండ్రి.

* * *

గవర్రాజు అరటి మార్కెట్‌లో వేలం పాడించే మనిషి. గెల మీద చెయ్యి వేసి పాట మొదలెడితే మార్కెట్ అవతల గేటు దగ్గర లారీ కడుగుతున్నవాడు కూడా తిరిగి చూసేవాడు. చక్కెరకేళిని ఒక రకంగా, అమృతపాణిని ఇంకో రకంగా పాడేవాడు. కొనేవాడి మొహం చూసి ఎక్కడ ఆపాలో, ఎక్కడ లాగాలో ఆయనకే తెలుసు. ఒకరోజు గెలల వ్యాను వెనక తలుపు గొలుసు ఊడి వచ్చి మూతి మీద కొట్టింది. పైన ముందు పళ్ళు నాలుగూ పోయాయి. ఎముక కూడా చితికింది. పక్క పళ్ళు కదిలిపోయాయి గనక బ్రిడ్జి కట్టడానికి ఆధారం లేదు. హిమజ ఊడదీసి పెట్టుకునే సెట్టు చేసిచ్చింది. ఎంత మంచి చెయ్యయినా, లేని ఎముక మీద సెట్టు నిలవదు కదా. ఒకసారి "రెండోసారీ" అని పాడుతుండగా సెట్టు జారి గెలల మీద పడింది. మార్కెట్టంతా నవ్వింది. గవర్రాజు కూడా నవ్వాడు. మర్నాటి నుంచి ఆయన్ని కాటా దగ్గర కూర్చోబెట్టారు.

ఇంటికొచ్చాక మాట్లాడేవాడు కాదు. హిమజ తల్లి నూకరత్నం ఫోన్‌లో, "మీ నాన్నకి నోరు పోలేదే, పేరు పోయింది" అనేది.

అంకురం సంగతి తెలిసినప్పుడు ఆయనే అడిగాడు. "అమ్మడూ, నీకు మనిషి కావాలంటగా. నాకు పళ్ళు కావాలి. నాకెయ్యి."

"ఇంకా ప్రయోగంలోనే ఉంది నాన్నా. ఏమవుతుందో తెలీదు."

"ఏమవుతాదే? పళ్ళు రావు. ఇప్పుడేవన్నా ఉన్నాయా?"

 కూతురే చిగురులోకి సూది దింపింది. గవర్రాజు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, పైనున్న లైటు వంక చూస్తూ, నొప్పెడుతోందా అని అడిగితే లేదన్నట్టు తలూపాడు. కళ్ళలో నీళ్ళు మాత్రం ఆగలేదు.

కొన్నాళ్ళకి చిగురు ఉబ్బింది, దురద పెట్టింది. ఎక్స్‌రేలో తెల్లగా, గోపురం ఆకారంలో నాలుగు మొగ్గలు కనిపించాయి. కొత్త పన్ను తన చుట్టూ కొత్త ఎముకని కూడా కట్టుకుంటూ దిగుతోంది. అది చూసి వామనరావుగారంతటి ఆయన ఎక్స్‌రేని కిటికీ వెలుతురులో పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డారు. ఆ ఆనందం అబద్ధం కాదు. హిమజ కూడా ఆ రోజు ఏడ్చింది.

ఇంట్లో సంగతి ముందు కనిపెట్టింది నూకరత్నం. అన్నం వడ్డిస్తూ, "ఏవండీ, ఓసారి పెదవెత్తండి" అంది. వేలు పెట్టి చూసింది. వేలికి గరుకుగా తగిలింది. నవ్వు మొదలుపెట్టి ఆపుకోలేక గడప మీద కూర్చుంది. "ఈ వయసులో మా ఆయనకి పళ్ళొస్తున్నాయని ఎవరికి చెప్పుకోనమ్మా" అంటూ కూతురికి ఫోను చేసి నవ్వుతూనే ఉంది.

పళ్ళు పూర్తిగా దిగాక గవర్రాజు మళ్ళీ గెల మీద చెయ్యి వేశాడు. మొదటి పాటకే జనం మూగారు. పాట వినడానికి కొంతమంది, నోరు చూడడానికి కొంతమంది. దలాలీ సూరన్న దగ్గరికొచ్చి, గుర్రానికి చూసినట్టు ఆయన పెదవెత్తి చూశాడు. "కట్టినవి కావురా, మొలిచినవే" అని అందరికీ ప్రకటించాడు. ఆ రోజు గవర్రాజు అమృతపాణిని ఎంతకి లాగాడో, కొన్నవాడు ఇంటికెళ్ళాక గాని తెలుసుకోలేదని మార్కెట్‌లో చెప్పుకున్నారు.

* * *

నెలకోసారి చూపించుకోవాలి. కాలేజీ బస్సెక్కి వచ్చేవాడు గవర్రాజు. హిమజ నీలం కాగితం పెట్టి కొరకమనేది. చుక్క పడేది. అరగదీసేది. మళ్ళీ కొరకమనేది. చుక్క పోయాక, నోరు శుభ్రం చేసి, స్కానరుతో ఎత్తు కొలిచేది. థీసిస్ పద్ధతిలో ఉన్న వరస అదే. ముందు సరిచేయడం, ఆ తరవాత కొలవడం. ఎత్తున్న పన్నుతో రోగిని కూర్చోబెట్టి కొలతలు తీసుకోవడం ఆ విభాగంలో ఎవరి ఊహకీ రాదు. అలా కొలిచిన ఎత్తు ప్రతి నెలా ఒక్కలాగే ఉండేది. ప్రభుదాసు చూసినవాళ్ళకీ అంతే. ముప్ఫై మందిలో ఒక్కరికి కూడా తేడా లేదు.

పేపరు రాసింది హిమజ. పేర్లు రాసింది వామనరావుగారు. మొదటి పేరు ఆయనది, రెండోది ప్రిన్సిపాల్‌ది, మూడోది కంపెనీ శాస్త్రవేత్తది, నాలుగోది లెక్కలు కట్టినాయనది. పిల్లలవి చివర్న. ప్రిన్సిపాల్‌గారు ఆ జెల్ రంగేమిటో కూడా ఎరగరు. హిమజకి అది పెద్ద బాధ అనిపించలేదు, అందరికీ జరిగేదే. బాధ అనిపించింది ఒక వాక్యం దగ్గర. చివర్లో ఆమె, 'కొత్త పళ్ళ వేరు కొన ఇంకా మూసుకోలేదు, మూసుకునేదాకా చూడవలసి ఉంది' అని రాసింది. వామనరావుగారు దాని మీద గీత కొట్టారు.

"వేరు కొన మూసుకోడానికి ఎంత కాలం పడుతుందమ్మా?" అని అడిగారు.

"పన్ను వచ్చాక మూడేళ్ళు సార్."

"నీ కోర్సెంత?"

"మూడేళ్ళు సార్."

"మరి? పేపరు కోసం ఇంకో కోర్సు చేరతావా?" ఆయన గొంతులో వెటకారం లేదు, నిజంగానే లెక్క చెబుతున్నట్టు అన్నారు. "పన్ను వచ్చింది. నిలబడింది. నములుతోంది. ఆ వాక్యం ఉంచితే, పత్రికలో పేపరు పరీక్షించేవాళ్ళు మూడేళ్ళు ఆగి రమ్మంటారు. పిల్లల పళ్ళకి మూసుకోవట్లేదా? వీటికీ మూసుకుంటుంది."

పేపరు పడింది. నూటికి నూరు శాతం విజయం, ఎత్తులో మార్పు లేదు, దుష్ఫలితాలు లేవు. విభాగంలో స్వీట్లు పంచారు. హాల్ టికెట్ల జాబితాలో హిమజ పేరు, ప్రభుదాసు పేరు ఎక్కాయి. కంపెనీకి కావలసిన అనుమతులన్నీ అప్పటికే సిద్ధంగా ఉన్నాయట, ఈ పేపరొక్కటే తరువాయట. పరిశోధన ముగిసింది గనక రోగులు నెలనెలా రానక్కర్లేదని కబురు పెట్టారు. హిమజ పుస్తకాలు ముందేసుకుని హాస్టల్ గదిలో కూర్చుంది.

* * *

పరీక్ష నెల రోజులుందనగా నూకరత్నం ఫోన్ చేసింది.

"మీ నాన్న అన్నం తినట్లేదే. గంజి తాగుతున్నారు. నీకు చెప్పొద్దన్నారు, చదువుకుంటున్నావని."

"ఏమైందమ్మా?"

"నువ్వే వచ్చి చూడు. నాకు చెప్పడం రావట్లేదు."

హిమజ వెళ్ళేసరికి గవర్రాజు తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని వసారాలో కూర్చుని ఉన్నాడు. తువ్వాలు తియ్యమంటే తియ్యడు. ఆమె బలవంతాన లాగింది. పై పళ్ళు నాలుగూ కింది పెదవి మీదకి దిగి ఉన్నాయి. నోరు మూసుకోవడం లేదు. లోపల కింది పళ్ళు వాటి తాకిడికి వెనక్కి వాలి కదులుతున్నాయి. కొత్త పళ్ళ అంచులు గరుగ్గా, వంకరగా ఉన్నాయి. పక్కన స్టూలు మీద గెలలు కోసే కత్తికి పదును పెట్టే ఆకురాయి ఉంది. దాని మీద తెల్లటి పొడి.

"దీంతో రాసుకుంటున్నావా నాన్నా?"

గవర్రాజు తల దించుకున్నాడు. "పరీక్ష అయ్యేదాకా సద్దుకుందామనుకున్నానే" అన్నాడు. ఆ మాటలు పళ్ళకి అడ్డం పడి ముద్దగా వచ్చాయి.

ఆమె ఆ ఆకురాయి వంక చూస్తూ నిలబడిపోయింది. ప్రతి నెలా అదే పళ్ళ మీద, అదే చోట నీలి చుక్క పడటం, తను అరగదీయడం, ఆ తరవాత కొలవడం గుర్తొచ్చాయి. ఒకసారి సరిచేసిన పన్ను మీద మళ్ళీ నెలకి చుక్క ఎందుకు పడుతోందని ఒక్కసారి కూడా అడగలేదు. వేరు కొన మూసుకోలేదు గనక పన్ను పెరగడం ఆగలేదు. నెలకి బియ్యపు గింజ మందం పెరుగుతూనే ఉంది. పెరిగిందంతా తన చేత్తోనే తీసేసి, పెరగలేదని కొలిచింది.  తండ్రి పళ్ళు సరిచేయడానికి సంచిలోంచి సామాన్లు తీసింది.

ప్రభుదాసుకి ఫోన్ చేసి అత్తని కనుక్కోమంది. అతను అడిగాడు. ఆవిడ, "పెరుగుతున్నాయిరా. మందు బలం అనుకున్నాను. గోళ్ళు కత్తిరించుకునే దాని ఆకురాయితో రాసుకుంటున్నా" అందట.

* * *

ప్రభుదాసుని వెంటబెట్టుకుని వచ్చి హిమజ చెప్పిందంతా వామనరావుగారు మధ్యలో ఆపకుండా విన్నారు. ఆమె తీసుకొచ్చిన తండ్రి నోటి ఫోటో, వేరు కొనలు అలాగే తెరుచుకుని ఉన్న కొత్త ఎక్స్‌రేలు చూశారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అరగదీశాక కొలిచాం" అన్నారు చివరికి, తనలో తను. ఆయన మొహం పాలిపోయింది. ఒక్క క్షణం హిమజకి ఆయన మీద జాలి వేసింది. ఆ జాలే కొంప ముంచింది.

"పరీక్ష ఎప్పుడు?"

"వచ్చే నెల సార్. మనం పత్రికకి రాయాలి సార్. పేపరు వెనక్కి తీసుకోవాలి."

"తీసుకోవాలి. తీసుకుంటే హాల్ టికెట్ వెనక్కి పోతుంది. నీదొక్కటే కాదు, ఇతనిది కూడా." ప్రభుదాసు నేల చూపులు చూస్తున్నాడు. అతనికి భీమవరంలో ఉద్యోగం ఖాయమై, ఫలితాల కోసమే ఆగి ఉంది. "పరీక్ష రాసెయ్యండి. మీ చేతుల్లో డిగ్రీ పడ్డాక నేనే రాస్తాను. నెల రోజుల్లో కొంపలు మునగవు."

హిమజ ప్రభుదాసు వంక చూసింది. అతను తలెత్తలేదు. ఆమె సరేనంది. ఆమె గొంతు మీద ఎవరూ కత్తి పెట్టలేదు. మూడేళ్ళ చదువు కళ్ళ ముందు కనిపించింది, ఒక నెల చిన్నదిగా కనిపించింది. ఇంత చదివినవాళ్ళు కూడా ఆ లెక్క దగ్గరే తప్పుతారు.

ఆ నెలలోనే అంకురం బజారులోకి వచ్చింది. వ్యాన్లు కట్టుకుని ఊరూరా తిరిగారు. మొదటి సూది ఉచితమన్నారు. అరటి మార్కెట్‌కి కూడా వచ్చారు. కొత్త పళ్ళతో గవర్రాజు వేలం పాడడం కళ్ళారా చూసిన జనం కదా, ఎవరికీ ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఆ పళ్ళని కూతురు ఇంటికొచ్చి అరగదీసి సరిచేసి పోయిందని మార్కెట్‌కి తెలీదు. గవర్రాజు మాత్రం ఇంటికొచ్చి కూతురికి ఫోన్ చేశాడు.

"ఆ మందు ఆపమని చెప్పవా అమ్మడూ?"

"పరీక్ష అవగానే చెప్తారు నాన్నా. సార్ మాటిచ్చారు."

 "నన్ను చూసే ఎక్కించుకుంటున్నారే" అని ఫోన్ పెట్టేశాడు.

పరీక్షలయ్యాయి. హిమజ పాసైంది. మర్నాడే వామనరావుగారి గదికి వెళ్ళింది. ఆయన ఒక కొత్త పేపరు ముందుకి తోశారు. అంకురంతో వచ్చిన పళ్ళకి నెలవారీ సవరణ ఎలా చేయాలో చెప్పే పద్ధతి. అందులో ఒక ఫోటో ఉంది. కళ్ళ మీద నల్ల పట్టీ, కింద తెరిచిన నోరు, పెదవి మీదకి దిగిన నాలుగు పళ్ళు. పట్టీ వేస్తే మాత్రం తండ్రిని పోల్చుకోలేదా?

"ఈసారి మొదటి పేరు నీదే" అన్నారు వామనరావుగారు.

"వెనక్కి తీసుకుంటానన్నారు సార్."

"తీసుకుంటే ఏం ఒరుగుతుంది? వేసినవాళ్ళకి వేసేశారు. ఇప్పుడు వాళ్ళకి కావలసింది సవరణ. అది చెప్పేవాళ్ళు కావాలి. తప్పు ఒప్పుకోవడం కన్నా దారి చూపించడం మేలు కాదా?"

"పేరు కొట్టెయ్యండి సార్" అని ఆమె లేచింది. ఆయన వెళ్ళి చేతులు కడుక్కున్నారు.

ఆమె సొంతంగా పత్రికకి రాసింది. పత్రిక మిగతా రచయితల్ని అడిగింది. పద్ధతిలో 'ముందు సరిచేసి, తరవాత కొలిచాం' అని స్పష్టంగానే రాసి ఉందనీ, రాసినట్టే చేశామనీ, తప్పేమీ లేదనీ వాళ్ళు బదులిచ్చారు. అది నిజమే. అబద్ధం ఒక్కటీ లేకుండా అంత పెద్ద అబద్ధం ఎలా తయారైందో ఆలోచిస్తూ హిమజ చాలా రోజులు పిచ్చిదానిలా తిరిగింది. రెండో పేపరు కూడా పడింది. దాని మీద మొదటి పేరు ప్రభుదాసుది.

* * *

"పీకెయ్" అన్నాడు గవర్రాజు.

"తీస్తే ఆ ఎముక కూడా వచ్చేస్తుంది నాన్నా. మళ్ళీ సెట్టు కూడా నిలవదు. నెలనెలా నేను సరిచేస్తాను, నీ పాట నీకుంటుంది."

"ఇన్ని పళ్ళు నోట్లో పెట్టుకుని మందు మంచిది కాదంటే ఎవడు నమ్ముతాడే? చెప్పి చూశాను. 'నీకు మొలిచాయి గనక మాకు మొలవకూడదా' అంటున్నారు. పీకెయ్."

నూకరత్నం లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

తెలిసిన సర్జన్ ఆపరేషన్ చేశాడు. హిమజ పక్కన నిలబడి రక్తం తుడిచింది. పళ్ళు ఒక్కొక్కటీ ఎముకతో సహా వచ్చాయి. వాటి వేళ్ళు దవడ లోపలికి ఎంత దూరం పాకాయో సర్జన్ స్కేలు పెట్టి కొలిచాడు. కుట్లు ఎండేసరికి గవర్రాజు పై పెదవి లోపలికి కూలిపోయింది. నూకరత్నం తప్ప ఇంకెవరికీ ఆయన మాట అర్థమయ్యేది కాదు.

వ్యాను మళ్ళీ మార్కెట్‌కి వచ్చిందని తెలిసిన రోజు ఆయన చొక్కా మార్చుకుని బయల్దేరాడు. హిమజ వెంట వెళ్ళింది. గెలలు దించే షెడ్డు పక్కన వ్యాను ఆగి ఉంది. దాని ఒంటి మీద వామనరావుగారి ఫోటో, పత్రిక పేరు, 'నూటికి నూరు' అని పెద్ద అక్షరాలు. కింద రచయితల పేర్లు సన్నగా, చివర్న హిమజ పేరు. ముందు క్యూ. అందులో సగం మంది తెలిసినవాళ్ళే. మొదట సూరన్న, వెనకాల ఆకులమ్మే సుభద్ర.

గవర్రాజు నేరుగా వెళ్ళి వ్యాను మెట్టుకీ సూరన్నకీ మధ్య నిలబడ్డాడు. తువ్వాలు తీసి నోరు తెరిచాడు. తెరిచి అటు నుంచి ఇటు దాకా అందరి వైపూ తిరిగాడు. మాట్లాడబోయాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. అమ్ముడుపోని కాయని కూడా మాటతో అమ్మగలిగిన మనిషి, వద్దు అన్న ఒక్క మాట చెప్పలేక నిలబడ్డాడు.

"అయ్యో బావా" అంది సుభద్ర.

హిమజ ముందుకొచ్చింది. "ఈ మందుతో వచ్చిన పళ్ళు పెరగడం ఆగదు బాబాయ్. జీవితాంతం పెరుగుతాయి. మా నాన్నకి అందుకే తీసేశారు. ఎక్కించుకోకండి."

సూరన్న వ్యాను మీద రాత వంక చూశాడు. "ఈ పేపరు నువ్వే రాశావంటగా అమ్మా?"

"నేనే రాశాను. అందులో తప్పుంది."

"తప్పని ఎప్పుడు తెలిసింది?"

 "పరీక్షకి ముందు."

"పరీక్ష రాశావా?"

"రాశాను."

"పాసయ్యావా?"

"అయ్యాను బాబాయ్."

సూరన్న నెమ్మదిగా తలూపాడు. ఆయనకి కోపం లేదు, ఎగతాళీ లేదు. బేరంలో న్యాయం చూసే మనిషి, అలాగే చూశాడు. "అయితే ఆ పేపరు నీకు పనికొచ్చిందిగా అమ్మా. మాకు మాత్రం ఎందుకు పనికిరాదు?"

హిమజ నోరు తెరిచింది గాని, చెప్పుకోదగ్గది ఏదీ అందులో లేదు.  సుభద్ర గవర్రాజు మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకొచ్చి, గెలల కుప్ప మీద కూర్చోబెట్టింది. "నీకు పడలేదేమో బావా. ఒంటిని బట్టి ఉంటాది" అని ఓదార్చి, మళ్ళీ వెళ్ళి తన చోట నిలబడింది.

"తరవాతెవరండీ" అని వ్యాన్‌లోంచి ఎవరో పిలిచారు.

సూరన్న చెప్పులు విడిచి మెట్టెక్కాడు. సుభద్ర ముందుకి జరిగింది, ఆమె వెనకాల ఉన్నవాళ్ళూ జరిగారు.